కలవని కంపెనీల బ్రేకు

ఆ రోజుల్లో ఏ దేశంలో ఏ కంపెనీ దేనితో కలిసిందో మా కామారెడ్డికి తెలిసేసరికి నెలలు గడిచేవి. ఇప్పుడు వాళ్ళు కలుద్దామా అని ఆలోచన చేయగానే మా అల్లుడి ఫోను మోగుతుంది. యూరప్‌లో పెద్ద పెద్ద కార్ల కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చునట, చైనా బండ్ల ముందు నిలబడాలంటే అదొక్కటే దారట. "మంచిదే గద మామా, ఇద్దరికి ఒకటే ఇంజను, ఒకటే సామాను, కర్సు తగ్గుతది" అన్నాడు అల్లుడు. టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి కూడా అదే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కలిసిన మర్నాడు ఏ ఊరి ఫ్యాక్టరీకి తాళం పడుతుందో, ఎవరి ఉద్యోగం ఊడుతుందో, నిన్న కొన్న బండికి రేపు సామాను ఎవడు చేసిస్తాడో ఒక్కడూ చెప్పడు. సామాను పంచుకుంటారట! అదేదో అటుకులు పంచుకున్నంత తేలికగా. ఆ పంచుకోవడం నేనొకసారి చేసి చూశాను. పందొమ్మిదేళ్ళ వయసులో, ఎవరినీ అడగకుండా, యూరప్ వాళ్ళకంటే ముందుగా చేశాను.

అప్పట్లో నేను కామారెడ్డిలో ఒక ఉస్తాద్ దగ్గర మోటారు షెడ్డులో పనివాడిని. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. హైదరాబాదు నుంచి సామాన్లు ఇంగ్లీషు పేపర్లలో చుట్టి వచ్చేవి. ఆ పేపర్లను మడత విప్పి, నూనె తుడిచి, ఒక పాత నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి నాకు నేనే చదువు చెప్పుకున్నాను. (నా ఇంగ్లీషంతా చిరుగుల ఇంగ్లీషే. ఏ వార్తకూ మొదలూ చివరా రెండూ దొరికేవి కావు.) ఉస్తాద్ నన్ను "పేపర్ సాబ్" అని పిలిచేవాడు. అది వెక్కిరింపని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా దగ్గర తిరిగే కార్లు రెండే రకాలు. రెండూ యూరప్ వాళ్ళ నమూనా మీద ఇక్కడ తయారైనవే. గుండ్రంగా ఉండేదాన్ని గుమ్మటం బండి అనేవాళ్ళం, రెండోదాన్ని చిన్నబండి అనేవాళ్ళం. ఒకనాడు ఒక పేపరు ముక్కలో ఈ రెండింటి నమూనాలు ఇచ్చిన కంపెనీలు కలిసే మాటల్లో ఉన్నాయనీ, కలిస్తే ఇద్దరి బండ్లకూ ఒకే సామాను వాడతారనీ చదివాను. అక్కడికి పేపరు చిరిగిపోయింది. మా ఇండ్లలో మాటముచ్చట అయిందంటే సంబంధం కుదిరినట్టే. పెండ్లి కాకముందే ఇటు గిన్నెలు అటు, అటు బిందెలు ఇటు తిరుగుతుంటాయి. కంపెనీలదీ అదే తీరనుకున్నాను.

ఆ వారమే ఉస్తాద్ చుట్టాల పెండ్లికని మద్నూర్ వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఎల్లారెడ్డి ఊరికి టాక్సీ తోలే పెద్దాయన, మేమంతా మామ అనేవాళ్ళం, తన చిన్నబండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. వెనక చక్రం దగ్గర బ్రేకు ఆయిలు కారుతోంది. లోపలి రబ్బరు బిళ్ళ అరిగింది. ఆ బండి రబ్బరు మా దగ్గర లేదు.

"ఉస్తాద్ రానీ తియ్, రేపు జేపిద్దాం" అన్నాడు మామ, నిదానస్థుడు. "దవాఖాన కాడ అవ్వొకామె ఉంది, బిడ్డను, పసిపాపను ఎల్లారెడ్డి తోల్కపోవాలె. రేపు పోతరు."

"రేపెందుకు మామా? గుమ్మటం బండి రబ్బరు ఉన్నది. రెండు కంపెనీలు ఒక్కటైతున్నయ్. పేపర్ల వడ్డది."

"పేపర్ల వడ్డదా?" అని మామ నా వంక మర్యాదగా చూశాడు. ఆ చూపుకు నేను పడిపోయాను. రబ్బరు బిగించాను. కొంచెం వదులుగా అనిపించింది. కొత్త సంబంధం కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మా షెడ్డులో ఒక కట్టడి ఉండేది. బ్రేకు పని చేసినవాడు ఆ బండి మొదటి ట్రిప్పులో డ్రైవరు పక్కన కూర్చుని పోవాలి. "నీ పానం గూడ బండ్ల ఉన్నదని యాదికుంటే చేతులు సక్కగ పన్జేస్తయి బేటా" అనేవాడు ఉస్తాద్. అట్లా నేను ముందు సీట్లో, వెనక అవ్వ, బాలింతైన ఆమె బిడ్డ, పది రోజుల పాప.

లింగంపేటలో మామ చాయ కోసం ఆపాడు. నేను దిగి వెనక చక్రం చూశాను. టైరు లోపలి పక్క తడిగా, నల్లగా మెరుస్తోంది. మామ చూడకుండా లోపలికి వంగి బ్రేకు పెడలును చేత్తో నొక్కాను. పొద్దున సగం దాకా దిగింది ఇప్పుడు ముప్పాతిక దాకా దిగింది. చెబితే ఉస్తాద్‌కు తెలుస్తుంది, తెలిస్తే షెడ్డులో నా పని అయిపోయినట్టే. చెప్పకపోతే వెనక సీట్లో పాప ఉంది. ఇంతలో అవ్వ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏం సూస్తున్నవ్ కొడుకా? బండి మంచిదేనా? పదొద్దుల పిల్ల ఉన్నది."

"మంచిదే అవ్వ" అన్నాను. తల దించుకుని ముందు సీట్లోకి ఎక్కాను.

బండి కదిలింది. ఆ తర్వాతి అరగంటలో నేను ఎన్ని దేవుళ్ళను పిలిచానో లెక్క లేదు. (ఉస్తాద్ మొక్కే దేవుణ్ణి కూడా వదలలేదు.) అడవి మొదలైంది. మామ బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన మోకాలు ఎంత దిగుతుందో చూస్తూ కూర్చున్నాను. ప్రతిసారీ ఇంకొంచెం దిగుతోంది. ఎదురుగా దిగుడు కనబడింది. దిగుడు కింద, రోడ్డుకు అడ్డంగా, గొర్ల మంద.

"మామా! బ్రేకు లేదు. ఆయిలంతా పోయింది. నేనే తప్పు రబ్బరేసిన!"

మామ తొక్కి చూశాడు. పెడలు అడుగుకు తాకి అక్కడే ఉండిపోయింది. "గిప్పుడు జెప్తవారా, అల్లుడా!" అని పళ్ళు కొరికి గేరు కిందికి లాగాడు. ఇంజను ఎద్దులా రంకె వేసింది. చేతి బ్రేకు ఉంది గాని, దానికి ఎన్నో ఏండ్లుగా మామ అన్నం సంచి వేలాడదీస్తుండేవాడు తప్ప ఇంకో పని ఎరగదు. గొర్లకాపరి మమ్మల్ని చూసి కర్ర ఊపుతూ "ఆపుండ్రి! ఆపుండ్రి!" అని అరుస్తున్నాడు. ఆపేది ఉంటే మేము ఆపమా! మామ మరో గేరు దించాడు, హారను మీద నుంచి చెయ్యి తీయకుండా స్టీరింగు ఎడమకు తిప్పాడు. బండి గట్టు దిగి, దున్నిన చెలకలో పడి, నాలుగు సాళ్ళు ఎగిరి, మట్టిలో కూరుకుని ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. దారి పొడుగునా నిద్రపోయిన పాప, బండి ఆగాక అప్పుడు ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. అవ్వ దిగింది, కొంగు బిగించింది.

"నేనడిగితే మంచిదే అన్నవ్ గదరా! నీ నోట్లె మన్నువడ! చాయ తాగిన కాడ్నే నీకు ఎర్కనా?"

నేను తల ఊపాను. మామ విన్నాడు. బీడీ వెలిగించాడు. వాళ్ళను వెనక వచ్చిన ఎడ్లబండి ఎక్కించి పంపాడు. నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

కబురందుకుని మరునాడు బస్సులో ఉస్తాద్ వచ్చాడు, పెండ్లి బట్టలతోనే. చెలకలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రం విప్పి రబ్బరు తీసి నా కళ్ళ ముందు పట్టాడు. కంపెనీలు, పేపరు, మాటముచ్చట అంతా చెప్పాను.

"కంపెనీలు పేపర్ల కలుస్తయి బేటా" అన్నాడు. "గీ రబ్బరు పేపరు సదువలేదు."

(ఆ రెండు కంపెనీలు చివరికి కలవనే లేదు. ఆ ముచ్చట కొన్నేళ్ళకు ఇంకో పొట్లం విప్పితే తెలిసింది. నేను కుదిర్చిన పెండ్లి వాళ్ళు చేసుకోలేదన్నమాట.)

తరువాత ఉస్తాద్ నావైపు కాకుండా మామ వైపు తిరిగాడు. "ఒక్కటి చెప్పు భాయ్. గీడు చెప్పిండా, దొరికిండా?"

షెడ్డులో నా బతుకంతా ఆ జవాబు మీద ఉంది. మామ నన్ను చూశాడు. నేను మట్టిని చూశాను.

"తనే చెప్పిండు" అన్నాడు మామ.

ఉస్తాద్ పానా నా చేతికిచ్చాడు. "అయితే నువ్వే బిగించు."

ఆ షెడ్డులోనే తల నెరిసింది. తప్పు చేస్తే తనే చెప్పే మనిషని కామారెడ్డిలో నాకు పేరుండేది. కొత్తగా చేరిన పనివాళ్ళకు ఉస్తాద్ నన్ను చూపించి చెప్పేవాడు. నేను ఎన్నడూ కాదనలేదు. లింగంపేట అరగంట సంగతి మామ ఎందుకు దాచాడో అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను; ఆయన బండి షెడ్డుకు వచ్చినప్పుడల్లా చాయ తెప్పించి ఊరుకున్నాను. ఇప్పుడు అడగడానికి ఆయనా లేడు, ఒప్పుకోవడానికి ఉస్తాదూ లేడు. అందుకని ఇక్కడ రాశాను. యాభై ఏళ్ళు దాటాక చెప్పినా, దొరక్కముందే చెప్పాను కనుక, తనే చెప్పినవాడి కిందికే వస్తానని ఈ ముసలి ప్రాణానికి ఒక చిన్న ఆశ.