మగ్గం పైన చేపల తొట్టి

మాది ఎమ్మిగనూరు. కొళాయి నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి, నాలుగో రోజుకి జరిగినా ఎవరూ ఆశ్చర్యపోరు. అలాంటి ఊళ్ళో నాలుగడుగుల చేపల తొట్టి కొంటానంటే, నీకేమన్నా బుద్ధుందా అని మా ఆయన అడిగాడు. లేదని చెప్పి కొన్నాను.

నిజానికి నా మోజు చేపల మీద కాదు, నీళ్ళ మీద. నేను పుట్టింది పెద్దకడుబూరు వైపు ఒక పల్లెలో. చిన్నప్పుడు నీళ్ళంటే నాకు చంకలో బిందె, నడుం నొప్పి, బోరింగు దగ్గర కొట్లాట. తాగడానికీ వండడానికీ ఉతకడానికీ కాకుండా, ఊరికే కూర్చుని చూసుకోవడానికి ఇంట్లో కొన్ని నీళ్ళు ఉండాలని అప్పటి నుంచీ ఆశ. ఉద్యోగం వచ్చి నా జీతం నా చేతికి అందాక, ఆ ఆశ తీర్చుకోవడానికి ఎవరి అనుమతీ అడగదలచుకోలేదు.

మేం అద్దెకుండేది మిద్దె మీది వాటాలో. కింద ఇంటి యజమాని ఉంటాడు. డెబ్బై దాటినా ఇంకా గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేస్తాడు. పొడుగ్గా, బక్కగా, మాట పొదుపుగా వాడే మనిషి. ఆయన్ని పెద్దనాయనా అని పిలుస్తాను. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తా, నేను అక్కడే హైస్కూల్లో సైన్సు టీచర్ని. పొద్దున బస్సెక్కితే మళ్ళీ సాయంత్రమే ఇల్లు చేరడం. అందుకని మా తాళంచెవి ఒకటి పెద్దనాయన దగ్గరే ఉంటుంది. నీళ్ళొచ్చిన రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళ బిందెలు కూడా నింపిపెట్టడం మా వీధిలో ఎవరూ ఎవరికీ చెప్పకుండా జరిగిపోయే పని.

తొట్టి ఆదోని బజారులో కొన్నాను. ఆ అంగడి భాయ్ మాటకారి.

"మామూలు తొట్టి అయితే వారం వారం కడగల్ల మేడం. దీంట్లో నీళ్ళు వాటంతట అవే శుభ్రం అయితాయి. మీరు చూస్తా కూసుంటే సాలు."

ఏర్పాటు బాగానే ఉంది. తొట్టి మూలలో ఒక చిన్న గాజు గోడ, దాని అంచుకి దువ్వెనకున్నట్టు పళ్ళు. నీళ్ళు ఆ పళ్ళ సందుల్లోంచి పొర్లి, గొట్టంలో పడి, కింద చెక్క పెట్టెలో దాచిన ఇంకో చిన్న తొట్టిలోకి దిగుతాయి. అక్కడ దూదిలో, స్పాంజిలో వడకట్టుకుంటాయి. చిన్న మోటరు ఒకటి వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. పగలూ రాత్రీ పొర్లుతూనే ఉంటుంది కానీ చుక్క బయట పడదు.

మొదటి రోజే చిక్కొచ్చింది. గొట్టంలో నీళ్ళు దిగే చప్పుడు గుడగుడమని మిద్దె దాటి కిందికి వినిపించింది.

"అమ్మా, మీ ట్యాంకు పొర్లుతాండాది! మోటరు ఆపుకోండి!" అని పెద్దనాయన వాకిట్లోంచి కేక వేశాడు.

మా వీధిలో ట్యాంకు పొర్లించడం కంటే పెద్ద నేరం లేదు. తొట్టి దగ్గరే నిలబడి ఉన్న మా ఆయన కూడా ఆ కేక వినగానే చెప్పులు లేకుండా మేడ మీది ట్యాంకు దాకా ఎక్కి, అది పొర్లడం లేదని చూసి దిగొచ్చాడు. ఆ వారంలో నాలుగుసార్లు ఎక్కి దిగాడు. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక ఆదివారం నీళ్ళొచ్చాయి. డ్రమ్ములు నింపాను, బిందెలు నింపాను, చెంబులు, గిన్నెలు, ఆఖరికి కుక్కరు కూడా నింపాను. ఇంకేమన్నా ఖాళీ ఉందా అని చూస్తే, చెక్క పెట్టెలో కింది తొట్టి సగం వెలితిగా కనబడింది. నీళ్ళొచ్చిన రోజు ఒక పాత్రని వెలితిగా వదిలేయడం నా చేతకాదు. అంచు దాకా నింపి, తృప్తిగా చేతులు తుడుచుకున్నాను.

సాయంత్రం కరెంటు పోయింది. మోటరు ఆగింది. కాసేపటికి చెక్క పెట్టె తలుపు కింద నుంచి నీళ్ళు మెల్లగా హాల్లోకి వచ్చాయి. మాది సిమెంటు కప్పు కాదు, బండల మిద్దె. బండల సందుల్లోంచి నీళ్ళు నేరుగా కింద మగ్గం మీద పడ్డాయి.

నేను దిగేసరికి పెద్దనాయన తడిసిన పడుగు ముందు నిలబడి ఉన్నాడు. పడుగంటే మగ్గం మీద పొడుగ్గా సాగదీసిన దారాలు. గంజి కరిగి జానెడు మేర దారాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"దారం దారం ఇడదీయల్ల. వారం పని పోయినట్లే. ఇంగోసారి నా మగ్గం మీద నీళ్ళు పడితే ఆ తొట్టి ఈ మిద్దె మీద ఉండకూడదమ్మా."

"పడితే నా చేతులతో నేనే తీసేస్తాను పెద్దనాయనా" అన్నాను. అనేశాను కానీ మెట్లెక్కి నేరుగా తొట్టి దగ్గరికే పోయాను.

మర్నాడు ఫోను చేస్తే సాయంత్రానికి అంగడి భాయ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. పెట్టె తెరిచి చూశాడు.

"కింది తొట్టి ఎంత వరకు నింపినారు మేడం?"

"నిండా."

"నిండా ఎందుకు నింపినారు?"

"నీళ్ళొచ్చినాయి కదా భాయ్!"

ఆయన నెత్తిన చేయి పెట్టుకున్నాడు. కరెంటు పోతే గోడ అంచు పైన నిలిచిన నీళ్ళు, గొట్టంలో ఉన్న నీళ్ళు అన్నీ కిందికే దిగుతాయట. పైగా పైకి తోసే గొట్టం మూతి నీళ్ళలో మునిగి ఉంటే, అది వెనక్కి కూడా లాగేస్తుందట. వాటికి చోటుండాలనే కింది తొట్టిని వెలితిగా ఉంచేది. వింటుంటే నా ముఖం ఎర్రబడింది. గొట్టం నీళ్ళని అలా లాగే సంగతి, నేను ఏటేటా బల్ల మీద సీసా పెట్టి ఎనిమిదో తరగతికి చేసి చూపించే పాఠం.

"టీచరమ్మకి ఈ పాఠం సెలవుల్లో వచ్చిందేమో" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనకి టీ ఇవ్వలేదు.

భాయ్ ఆ పైకి తోసే గొట్టానికి నీటి మట్టం దగ్గర చిన్న బెజ్జం వేశాడు. గాలి దూరితే లాగడం ఆగిపోతుంది. కింది తొట్టికి సగం ఎత్తులో ఎర్ర టేపు అతికించి, "ఇది దాటకూడదు మేడం, మీకు దండం పెడతా" అన్నాడు. మూడుసార్లు స్విచ్ ఆపి చూశాం. చుక్క బయటికి రాలేదు.

కిందికి దిగితే పెద్దనాయన అడిగాడు, తప్పు యాడుండాదని. సైన్సు టీచరుగా నాకున్న కాస్త పరువూ అడ్డొచ్చింది. "పైపులో లోపం పెద్దనాయనా, బాగు చేయించాం" అన్నాను. నేను నింపిన సంగతి చెప్పలేదు. ఎర్ర టేపు సంగతీ చెప్పలేదు.

రెండు వారాలు హాయిగా గడిచాయి. బడి నుంచి వచ్చి తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. నారింజ రంగు చేపలు తోకలాడిస్తుంటే, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ఒళ్ళోనే ఉండిపోయేవి. కరెంటు చాలాసార్లు పోయింది, వచ్చింది. నాకు భయమే పోయింది.

ఒకరోజు మా ఆయన మిల్లులో ఆగిపోతే నేనొక్కదాన్నే బస్సు దిగాను. ఊళ్ళో కరెంటు లేదు. వీధి పొడుగునా నిండు బిందెలు. మా వాకిట్లోంచి చూస్తే పెద్దనాయన మగ్గం పక్కన నేల మీద కూర్చుని, తుండుగుడ్డతో దారాలు అద్దుతున్నాడు. పైనుంచి ఇంకా ఒక్కొక్క చుక్క రాలుతోంది. ఆయన తలెత్తలేదు.

పైకి పోయాను. హాలంతా నీళ్ళు. భాయ్ మీద కోపం, కరెంటు మీద కోపం, ఆ బెజ్జం మూసుకుపోయి ఉంటుందని దాని మీద కోపం. పెట్టె తెరిచి చూసే ఓపిక కూడా లేకపోయింది. మాట ఇచ్చాను, అంతే. బకెట్లో నీళ్ళు తీసుకుని, వల చేతబట్టి, చేపల్ని ఒక్కొక్కటే పట్టసాగాను. ఏడుస్తూనే పట్టాను.

నాలుగో చేప బకెట్లో పడేసరికి గుమ్మంలో పెద్దనాయన నిలబడి ఉన్నాడు. తడిసిన తుండుగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"తియ్యొద్దమ్మా" అన్నాడు. "మధ్యాన్నం నీళ్ళొచ్చినాయి. మీ బిందెలు నింపినాక చూస్తే ఆ పెట్టెలో తొట్టి సగం ఎలితిగా ఉండాది. నీళ్ళొచ్చిన దినం ఖాళీగా ఎట్ల ఇడుస్తును? నాలుగు బిందెలు నేనే పోసినా. కాసేపటికి కరెంటు పోయె, నీళ్ళు కారె. ఇది నేను చేసిన పనే."

ఆయన నోరు విప్పకపోతే ఆ తొట్టి ఆ సాయంత్రమే పోయేది. ఆయన మగ్గానికి ఆ బెడద తీరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అది తెలిసే ఆ మనిషి మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చాడు. నేను వల పక్కన పెట్టాను.

"పోయినసారి పైపు కాదు పెద్దనాయనా" అన్నాను. "నేనే నింపినా. నిండా నింపినా. నీకు చెప్పనీకి నామోషీ అయింది."

ఆయన నా ముఖంలోకి చూశాడు, ఎర్ర టేపు మునిగిపోయిన ఆ తొట్టిలోకి చూశాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నా ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. నవ్వుతూనే తడి నేల మీద గొంతుక్కూర్చుని, చేపల బకెట్ రెండు చేతులా ఎత్తి నాకందించాడు.