పలుపు లిఫ్టులో, జిమ్మీ బయట

మా జిమ్మీ కంటికి ముల్లు గుచ్చుకోకపోతే ఈ ప్రయాణం చేసేవాళ్ళమే కాదు. మిరప కళ్లంలోకి వచ్చిన పందిని తరుముతూ కంపలో దూరింది. గురజాలలో పశువుల డాక్టరు చూసి, ఆలస్యం చేస్తే కన్ను పోతుందని, వెంటనే నరసరావుపేటలో కుక్కల క్లినిక్‌కు తీసుకెళ్ళమన్నారు. జిమ్మీ మా మామయ్యగారి కుక్క. పొద్దస్తమానం దాన్ని కసురుతూనే ఉంటారు గానీ, అది తినకపోతే ఆయనకూ ముద్ద దిగదు. ఆ రాత్రి ఇద్దరూ తినలేదు.

బస్సులో కుక్కతో తంటాలు ఎందుకని కారు మాట్లాడుకున్నాం. రానూపోనూ రెండున్నర వేలు. డ్రైవరు మస్తాన్ వెనక సీటు మీద గోనెపట్టా పరిచి, "కక్కిందంటే మీరే కడగాలక్కా, ముందే చెప్తున్నా" అన్నాడు. అందుకే జిమ్మీకి ఏమీ పెట్టలేదు. ఏడింటికి బయల్దేరి పిడుగురాళ్ళలో ఇడ్లీ తిని, లారీల వెనక కాస్త దుమ్ము కూడా తిని, తొమ్మిదిన్నరకు నరసరావుపేట చేరాం. మీరు వెళ్ళేటట్టయితే ఇంకో గంట ముందు బయల్దేరండి, రోడ్డు ఖాళీగా ఉంటుంది.

క్లినిక్ ఒక కొత్త కాంప్లెక్సులో మూడో అంతస్తులో ఉంది. కింద బట్టల షాపు, దాని ముందు ఎస్కలేటర్. "దీని మీద నిలబడితే అదే తీసుకుపోద్ది" అన్నాడు వాచ్‌మన్. మెట్లు లోపలికి పోయేచోట దువ్వెన పళ్ళలాంటి అంచు ఉంటుంది. అక్కడ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేనే భయంగా దాటుతాను. గోళ్ళున్న కుక్కను దాని మీద నిలబెట్టడానికి మనసొప్పలేదు. పక్కనున్న మామూలు మెట్ల మీద నడిచి ఎక్కుదామన్నాను.

"నా మోకాళ్ళ సంగతి ఏందమ్మాయ్?" అన్నారు మామయ్యగారు. సరే, లిఫ్టు దగ్గరికి వెళ్ళాం.

ఇక్కడే జరిగింది పొరపాటు. జిమ్మీకి బెల్టు లేదు. గేదెను కట్టే పొడవాటి పలుపు మెడకు కట్టి తెచ్చారు మామయ్యగారు. పశువును తోలుకొచ్చే అలవాటు కొద్దీ తాను ముందు నడిచి లిఫ్టులోకి వెళ్ళారు, వెనకే వస్తుందిలే అని. జిమ్మీ గడప దగ్గర సందులోకి చూసి ఆగిపోయింది. దాన్ని తోద్దామని నేను వంగేలోపే తలుపులు మూసుకున్నాయి. పలుపు సన్నంగా ఉంది కదా, తలుపులకు అది అడ్డమే కాలేదు. పైవాళ్ళెవరో మీట నొక్కినట్టున్నారు, లిఫ్టు కదిలింది.

పలుపు బిగిసింది. జిమ్మీ ముందుకాళ్ళు నేల వదిలాయి.

"వదిలెయ్యండి మామయ్యా! వదిలెయ్యండి!" అని అరుస్తూ దాన్ని రెండు చేతులా పైకెత్తాను. ఆయన వదలరు. నాకు తెలుసు. బెదిరిన ఎద్దు పలుపు వదిలితే సంతలో మనుషుల్ని పొడుస్తుందని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మనిషి. జిమ్మీని నా తల కంటే ఎత్తుకు లేపాను. ఇక ఎత్తడానికి నా చేతుల్లో ఎత్తు లేదు. అప్పుడు ఆయన వదిలేసినట్టున్నారు, పలుపు సందులోంచి సర్రున జారి నా మీద పడింది. జిమ్మీతో సహా అక్కడే కూలబడ్డాను.

మోకాళ్ళ నొప్పి అన్న మనిషి మూడంతస్తుల మెట్లూ దిగి పరిగెత్తుకొచ్చారు. "ఉందా?" అని ఒక్క మాటే అడిగారు. ఉందన్నాను. మళ్ళీ లిఫ్టు ఊసెత్తలేదు. నేను జిమ్మీని ఎత్తుకుంటే, ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కారు.

డాక్టరమ్మ కన్ను శుభ్రం చేసి, నిలుస్తుందని చెప్పింది. మందు వేయాలి, గట్టిగా పట్టుకోమని మామయ్యగారితో అంది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నేను పట్టుకోనమ్మా. చానా పొరపాటు చేశా. ఇంక అది నా దగ్గరికి రాదు" అన్నారు. జిమ్మీ బల్ల మీద నుంచి దిగి, తడిసిన కన్నుతోనే తడుముకుంటూ వెళ్ళి, ఆయన మోకాళ్ళ మధ్య తల దూర్చి నిలబడింది. ఆయన ఏడ్చారు. డాక్టరమ్మ అక్కడే కింద కూర్చుని మందు వేసింది.

ఆయన మీద కోపంతో మెట్లెక్కిన దాన్ని, దిగేటప్పుడు పలుపు ఆయన చేతికే ఇచ్చాను. కుక్కలు మన యంత్రాలను నమ్మి ఎక్కవు, మనల్ని నమ్మి ఎక్కుతాయి. పలుపు ఏ చేతిలో ఉందని కూడా అవి చూడవు. ఆ నమ్మకానికి తగ్గ జాగ్రత్త మన వైపు నుంచే ఉండాలి.

మీరూ కుక్కతో వెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: తాడు పొట్టిగా పట్టుకుని, దాన్ని పక్కనే ఉంచుకుని మీతోపాటే లిఫ్టులోకి ఎక్కించండి, పొడవాటి తాడు చివర దాన్ని వెనక మాత్రం వదలకండి. అది గడప దగ్గర ఆగిపోతే లిఫ్టును పోనివ్వండి.