ముగ్గు గీతలూ, కళ్ళజోడు ఇల్లూ

పుంగనూరులో, కుప్పంలో నేను ప్లాను గీసిన ఇళ్ళు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేను కాలేజీ మొహం చూడలేదు. మేస్త్రీల వెంట తిరిగి, పాత పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళకు కాగితం చూపితే ఏం తెలుస్తుంది? స్థలంలోనే ముగ్గు పోసి, గదులు గీసి నడవమనేవాణ్ణి. "ఇంత సిన్నదా వంటిల్లు?" అని ప్రతి ఇంటామె బెదిరిపోయేది. గోడలు లేస్తే పెద్దదవుతుందమ్మా అంటే నమ్మేది.

ఈమధ్య సోమల దగ్గర ఆవులు సాకే ఒకాయన కొత్తిల్లు తలపెట్టాడు. వాళ్ళన్న ఇల్లు నేను గీసిందే. ఇదీ నాకే వస్తుందనుకున్నాను. ఆయన ఫోన్ చేశాడు.

"అప్పా, మదనపల్లెలో ఒక ఇంజనీరమ్మ కండ్లజోడు పెట్టి ఇల్లు సూపిస్తాండాదంట. నువ్వూ రా, సూసి సెప్పు."

ఒళ్ళు మండింది. అయినా బస్సెక్కాను.

ఆఫీసులో ఖాళీ గది. ఇంజనీరమ్మాయి ఆయన భార్య కళ్ళకు కళ్ళజోడులాంటి ఒక డబ్బా తగిలించింది; అందులో చూస్తే ఇంకా కట్టని ఇల్లు కట్టేసినట్టే చుట్టూ కనబడుతుందట. ఆమె మెల్లగా నడిచి, ఒకచోట ఆగి, కాలెత్తి వేసింది. గడప తొక్కకూడదని! అక్కడున్నది ఉత్త నాపరాళ్ళ నేల. ఇదే మనిషి బావగారి ఇంటి ముగ్గులో నా గోడల మీదుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోయింది.

"ఇంత సిన్నదా వంటిల్లు?" అంది ఆమె. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో చానామందికి చిన్నగానే కనపడతాదమ్మా. కట్టినాక సరిపోతాది" అంది ఆ అమ్మాయి.

"అది నా మాట!" అని అరిచాను.

ఇంటాయన నవ్వాడు. "నువ్వూ అదే సెప్పి, ఆ యమ్మా అదే సెప్తే ఇంగ నిజమే గదప్పా. ఈ యమ్మకే ఇచ్చేస్తాం."

"మీరూ చూడండి తాతా" అంటూ ఆ అమ్మాయి డబ్బా నాకిచ్చింది. తప్పు పట్టాలనే పెట్టుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడితే కిటికీలోంచి కొట్టంలో ఆవులు కనబడుతున్నాయి.

"కిటికీ నేనైనా ఈడే పెట్టేవాణ్ణి" అన్నాను.

"మాయన్న ఇంట్లో పెట్టలేదు గదప్పా" అన్నాడు ఇంటాయన వెనక నుంచి.

డబ్బా తీసి ఆ పిల్ల చేతికివ్వడానికి మనసు రాలేదు. పడకగది యాడుందో చూపించమన్నాను.