మావ చూపించిన ఆవు

భయపడడానికి కూడా జీతమిస్తారని నాకు తెలిసింది ఆ రోజుల్లోనే. బొబ్బిలి దగ్గర ఓ పల్లెలో పశువుల డాక్టరుగా కొత్తగా చేరాను. బస మా మేనమామ ఇంట్లో. ఆవు తోక ఊపితే భయం, మావ గొంతు సవరిస్తే ఇంకా భయం. (ఆవు కనీసం తిట్టదు.) ఇంతలో పక్క ఊళ్లో గాలికుంటు తగిలిందన్నారు. నోట్లో, గిట్టల్లో పుళ్లు లేచే రోగం. పాలు తాగే దూడలైతే ఉన్నపాటున చచ్చిపోతాయి. మా ఊళ్లో అంతకుముందే టీకాలు వేశారు, అయినా రక్తాలు తీసి పంపమన్నారు.

"టీకా ఏసీనాక మళ్లీ రక్తం ఏటికే?" అన్నాడు మావ.

టీకా వల్ల రక్తంలో కనబడే గుర్తులు వేరని, రోగమే వచ్చి వెళ్తే అదనంగా ఇంకోరకం గుర్తులుంటాయని, ఏవీ లేకపోతే టీకా పడనట్టేనని పాఠం అప్పజెప్పాను. మావ ముఖం పాలిపోయింది. నా చదువుకి జడిశాడనుకుని మురిసిపోయాను.

మర్నాడు తనే ఎర్రావుని తెచ్చి కొమ్ములు పట్టుకున్నాడు. (అప్పటికి మా పల్లె పశువుల చెవులకి నంబరు బిళ్లల్లేవు. చేతులు వణుకుతుంటే నేను ముఖం చూస్తానా?)

కొన్నాళ్లకి ఫోనొచ్చింది. మావ ఆవుకి రోగం వచ్చివెళ్లిన గుర్తులున్నాయట. పాకలో దాని పొదుగు కింద దూడ గుర్తొచ్చింది. అత్త వెనక నిలబడి సంగతి చెప్పాను. మావ అరవలేదు, అరుగు మీద కూలబడ్డాడు.

"ఒలే, అది నా ఆవు కాదే! ఎదురింటి బావది, అదీ ఎర్రదే. టీకా ఏస్తే పాలు తగ్గిపోతాయని మనదాన్ని టీకాలేసిన రోజు జీడితోటలో దాసీసినాను. రక్తంలో దొరికిపోతానని బావ ఆవుని అట్టుకొచ్చినాను."

అమ్మయ్య అనుకునేలోపే అసలు భయం పట్టుకుంది. రెండావులూ తాగేది ఒకటే కుడితి తొట్టిలో! ఎదురింటి ఆవు రోగాన్ని తట్టుకుని బయటపడింది, మరి టీకా లేని ఈ ఆవో? వెంటనే రక్తం తీసి, టీకా వేసి, తొట్టి వేరు చేయించాను.

"డాట్రమ్మా, దూడ బతుకుతాదా?" అన్నాడు మావ. నన్ను డాక్టరనడం అదే మొదటిసారి.

"తెలీదు మావా," అని ఏడ్చేశాను.

ఫలితం వచ్చేదాకా ఇద్దరం రోజూ దూడ నోరు తెరిచి చూడడమే పని. చివరికి ఏ గుర్తులూ లేవన్నారు. రోగమూ రాలేదు, అప్పటిదాకా రక్షణా లేదు. దూడ బతికింది. టీకా వేశాక పాలు కాస్త తగ్గిన మాట నిజమే. మావ నా వంక చూడకుండా పాలు కలపని డికాషన్ తాగేశాడు.

ఇప్పుడు రక్తం తీసేముందు ఆవు ముఖం చూస్తాను, పట్టుకున్నవాళ్ల ముఖమూ చూస్తాను. ఆ వణుకుడు డాక్టరమ్మ తలపుకొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆరోజు ఎవరైనా మా ముఖాలు చూసుంటే, మావకన్నా ముందు నేనే దొరికిపోయేదాన్ని.