కత్తెర వదిన నోటిమాట

రచయితల సంఘంలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేకుండా పోయింది. చేసేది దర్జీ పని. అందులోనూ కొత్త బట్టలు కుట్టడం కాదు, ఉన్నవాటిని సరిచేయడం. లావెక్కిన వాళ్ల నడుములు వదులు చేయడం, చిక్కిన వాళ్లవి బిగించడం, పాడైన జిప్పులు మార్చడం, నేల ఊడుస్తున్న ప్యాంట్లను మడిచి కుట్టడం. మెట్ల కింద చిన్న గది, ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, గోడకి నిలువుటద్దం. ఆ అద్దం ముందు ఎవరు నిలబడినా ఉన్నమాట ఉన్నట్టు చెప్పేది. "ఊపిరి బిగబట్టినంతసేపే ఈ గుండీ ఆగుతుందమ్మా. మీరు ఊపిరి వదిలారంటే ఎదుటివాళ్ల కంట్లో పడుతుంది" అనేది. వాళ్లు మొహం మాడ్చుకుని వెళ్లినా మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ చెయ్యిపడిన బట్ట ఒంటికి అతికినట్టు కుదిరేది మరి.

కథల విషయంలోనూ ఆవిడది అదే తీరు. ఆదివారం మధ్యాహ్నాలు గ్రంథాలయం పైగదిలో సంఘం కూర్చునేది. అది పిల్లల పుస్తకాల గది, కుర్చీలు కూడా పిల్లలవే. పెద్ద పెద్ద మనుషులు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని సాహిత్యం మాట్లాడుకునేవారు. ఎవరు ఏం చదివినా ఆఖరికి అందరి చూపూ ఈవిడ మీదే ఆగేది. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, "రెండో పేరా లైనింగు. లోపల ఉండాలి గానీ బయటికి కనబడకూడదు. తీసెయ్యండి" అనేది. అలా కత్తెర వదిన అయిపోయింది. తన కంటే పెద్దవాళ్లు కూడా వదినా అనే పిలిచేవారు.

ఆ సంఘానికి రెండు నియమాలు ఉండేవి. మొదటిది, ఎవరి రచన విన్నా ఊరికే 'బాగుంది' అని తప్పించుకోకూడదు. ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పాలి. ఆ మాట జారినవాళ్లు ఆ రోజు టీ కప్పులు కడగాలి. రెండోది వార్తల నియమం. కూర్చోగానే ముందు వార్తలు. ఎవరి కథ పత్రికలో పడింది, ఎవరిది తిరిగొచ్చింది, అన్నీ చెప్పుకోవాలి. తిరిగొచ్చిన కథకి చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టేవారు. కానీ పడిందని చెప్పాలంటే మాత్రం అచ్చులో కళ్లారా చూసి ఉండాలి.

ఈ రెండో నియమం కళ్లజోళ్ల షాపాయన పుణ్యం. ఒకప్పుడు ఎవరో సంపాదకుడు ఆయన పద్యం వేస్తామని ఫోన్‌లో అన్నాడట. ఈయనకి కాళ్లు నేల మీద ఆనలేదు. బావమరుదులకి చెప్పాడు, పాత హెడ్మాస్టరుకి చెప్పాడు, అద్దాల కోసం వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడు. ఆ పత్రిక కాస్తా ఆ నెలే మూతపడింది. ఆపైన షాపుకొచ్చిన ప్రతివాళ్లూ "పద్యం ఏమైందండీ?" అని అడుగుతుంటే మనిషి సగమైపోయాడు. సంఘానికి పెద్దదిక్కయిన లైబ్రేరియనమ్మ అప్పుడే తేల్చి చెప్పేసింది. "అచ్చయ్యేదాకా ఎవ్వరూ నోరెత్తకూడదు. ఇక్కడా, బయటా."

ఇలాంటి చోటికి ఒక ఆదివారం డ్రైవరు బాబాయి వచ్చాడు. సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి. నోట్లో మాట నిలిచే రకం కాదు. లైబ్రేరియనమ్మ ముందుగా నియమాలు రెండూ వినిపించింది. కూర్చున్న కాసేపటికే తన మోకాలి నొప్పి, అల్లుడి బదిలీ, కింది వాటావాళ్ల కుక్క చేసే అల్లరి, అన్నీ ఏకరువు పెట్టేశాడు. తర్వాత గొంతు సవరించుకుని కథ అందుకున్నాడు.

కథలో ఒక బస్సు డిపోలోంచి బయల్దేరింది. పాలకేంద్రం దగ్గర ఆగింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. పోలీసు క్వార్టర్ల దగ్గర ఆగింది. ఎక్కడెక్కడ ఎవరెవరు ఎక్కారో, చిల్లర కోసం కండక్టరు ఎవరెవరితో గొడవపడ్డాడో, అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. ఎప్పటికో మూడో పేజీలో ఒక స్టాపు దగ్గర డ్రైవరు భార్య క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి క్యారియరు అందించి, "మెల్లగా పోనివ్వండి, ఎవరూ తరమట్లేదు" అంది. అక్కణ్ణుంచి కథకి ప్రాణం వచ్చింది.

చదవడం అయింది. అందరూ అలవాటుగా వదిన వైపు చూశారు.

"మొదటి రెండు పేజీలూ కత్తిరించెయ్యండి బాబాయ్" అంది వదిన. "బస్సు ఆగినప్పుడల్లా నాకు కునుకొచ్చింది. పిన్నిని అంతసేపు స్టాపులో నిలబెడతారా, ఎండలో? కథంతా ఆవిడ దగ్గరే ఉంది. ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి, మీకంటే ఆవిడే బాగా చెప్పేటట్టుంది!"

బాబాయి నవ్వాడు. "అలాగేనమ్మా" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గదిలో ఇంకెవరూ నవ్వలేదేమిటా అని వదిన అనుకుంది గానీ పట్టించుకోలేదు.

మెట్లు దిగుతుంటే లైబ్రేరియనమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఆయన భార్య పోయి ఏడాదైంది వదినా. వాళ్లమ్మాయి చెప్పింది. నాన్న ఇంట్లో ఎవరితోనూ మాట్లాడట్లేదండీ, ఏదో రాసుకుంటున్నాడు, మీ దగ్గర చేర్చుకోండి అని బతిమాలింది. మీకు తెలుసనుకున్నాను."

వదినకి తల కొట్టేసినట్టయింది. అన్నీ చెప్పిన మనిషి ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేదని బాబాయి మీద కోపమొచ్చింది. ఆ కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

తర్వాతి ఆదివారం డ్రైవరు బాబాయి రాలేదు. ఆ తర్వాతదీ రాలేదు. ఫోన్ చేస్తే కూతురు ఎత్తి, "బాగానే ఉన్నారండీ, కాస్త పనిలో ఉన్నారు" అని పెట్టేసింది. సంఘంలో వదినని ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండును. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఈవిడ వైపు చూడకుండా టీ తాగేవారు. అదే ఆవిడకి ముల్లులా గుచ్చుకునేది.

ఇంట్లో మొగుడితో చెప్పుకుంది. ఆయన ఎలక్ట్రీషియను, ఏ కష్టమైనా ఫ్యూజు మారిస్తే పోతుందనుకునే రకం. "నీ నోటికి ముందే ఒక స్విచ్చి పెట్టుండాల్సింది" అన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి కంగారుపడి, "ఊరికే అన్నానే. వెళ్లి ఓ మాట చెప్పిరా, పోయేదేముంది" అన్నాడు.

వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. దానికి బదులు మంచిదానిలా మారిపోవాలని చూసింది. స్కూల్లో లెక్కలు చెప్పే మిస్సు తన కథ చదివితే, "ఎంత చక్కటి వర్ణనండీ! ఒక్క ముక్క కూడా తీయక్కర్లేదు" అంది. మిస్సు మొహం పాలిపోయింది. "అంత ఘోరంగా ఉందా వదినా? పర్లేదు, ఉన్నది చెప్పండి, తట్టుకుంటాను" అంది. కళ్లజోళ్ల షాపాయన తన పద్యాన్ని వదిన మెచ్చుకునేసరికి అనుమానం వచ్చి ఇంటికెళ్లి చించేశాడట. వదిన మెత్తబడ్డ కొద్దీ ఆ గదిలో రాసేవాళ్లు తగ్గిపోసాగారు. అద్దం ముందు నిలబడ్డ వాళ్లతో కూడా ఆవిడ "మీకు బాగానే ఉందండీ" అనడం మొదలుపెట్టింది. ఒకావిడ అలాగే వేసుకెళ్లి, కుట్లు విడిపోయి పోట్లాటకొచ్చింది.

ఇలా కాదని ఒక సాయంత్రం షాపు మూసేసి బాబాయి ఇంటికి బయల్దేరింది. ఏం చెప్పాలో దారంతా నెమరేసుకుంది. "తెలియక అన్నాను బాబాయ్. నా నోరే అంత. మీరు రాయడం మాత్రం మానొద్దు." అంతే, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకూడదు.

కూతురు తలుపు తీసింది. "మీరేనా కత్తెర ఆంటీ!" అని, వస్తున్న నవ్వుని పెదవి కొరికి ఆపుకుంది. ఆ నవ్వు వదినకి ఎగతాళిలా తోచింది. లోపలికి కేకేస్తే బాబాయి వచ్చాడు. వదినని చూడగానే ఆయన మొహం వెలిగింది, నోరు తెరిచాడు, మళ్లీ టక్కున మూసేశాడు.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"ఏం లేదమ్మా. ఏమీ లేదు." ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నువ్వెళ్లు. ఇప్పుడు నాతో మాట్లాడకు. చీకటి పడుతోంది, వెళ్లిరా తల్లీ."

గుమ్మంలోంచే సాగనంపేశాడు. తలుపు మూసేశాడు. మంచినీళ్లు కూడా ఇవ్వని మనిషి ఎంత నొచ్చుకుని ఉంటాడో ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నడిచే దారిలోనే నిర్ణయం జరిగిపోయింది. వచ్చే ఆదివారం వెళ్లి, అందరికీ చెప్పి, సంఘం మానేస్తుంది. భార్యపోయిన మనిషి ఎంతో కష్టం మీద కలం పట్టుకుంటే ఆ కలాన్ని లాగేసిన చెయ్యి తనది. అలాంటి మనిషికి ఇంకొకళ్ల కథ ముట్టుకునే హక్కు లేదని ఆవిడ నిజంగానే నమ్మింది.

ఆ ఆదివారం పైగదికి వెళ్లేసరికి డ్రైవరు బాబాయి అందరికంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం. ఒళ్లో ఒక కవరు. పిల్లల కుర్చీలో అటూ ఇటూ కదులుతూ ముళ్ల మీద ఉన్నట్టున్నాడు. అందరి ముందూ నాలుగు కడిగెయ్యడానికే వచ్చాడనుకుంది వదిన. కడిగేస్తే కడిగెయ్యనీ, పడాల్సిందే అనుకుని ఓ మూల కూర్చుంది.

వార్తలు మొదలయ్యాయి. లైబ్రేరియనమ్మ ఎప్పటిలాగే కుడివైపు నుంచి అడుగుతూ వచ్చింది. మిస్సు కథ తిరిగొచ్చింది, చప్పట్లు. కళ్లజోళ్ల షాపాయన ఏ పత్రికకి ఎప్పుడు పంపాడో, వాళ్ల జవాబులో ఏ మాటకి అర్థం ఏమై ఉంటుందో తీరిగ్గా వివరించసాగాడు. బాబాయి ఆగలేకపోయాడు.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను, త్వరగా తేల్చండి. ఇంక నావల్ల కాదు!"

అని లేచి, కవరులోంచి పత్రిక తీసి విప్పి అందరికీ పట్టి చూపించాడు. కథ పేరు, కింద ఆయన పేరు, పక్కన కిటికీలోంచి క్యారియరు అందిస్తున్న ఆడమనిషి బొమ్మ. గదంతా ఒక్కసారిగా లేచింది. చిన్న కుర్చీలు రెండు వెల్లకిలా పడ్డాయి.

"మరి ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారండీ మీరు?" అని లైబ్రేరియనమ్మ నిలదీసింది.

"మీరేగా అచ్చయ్యేదాకా నోరెత్తొద్దన్నారు! ఈ వదినమ్మ కత్తిరించమన్న మర్నాడే రెండు పేజీలూ తీసేసి పంపాను. వారం తిరక్కుండా వేస్తామని ఫోన్ చేశారు. నా సంగతి నాకు తెలుసు, ఇక్కడికొస్తే మెట్ల మీదే చెప్పేస్తాను. అందుకే ఇంట్లో కూర్చున్నాను. ఫోన్ కూడా అమ్మాయికిచ్చేశాను. అంతా చేస్తే ఈవిడ ఇంటికే వచ్చేసింది! ఇంకొక్క క్షణం గుమ్మంలో నిలబడి ఉంటే కక్కేసేవాణ్ణి. అందుకే తరిమేశాను."

వదినకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఇన్నాళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి ఒళ్లంతా తేలికైపోయింది. "నన్ను చంపేశారు కదా బాబాయ్!" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఆ రోజు పిన్ని సంగతి నాకు తెలియదు. తెలిస్తే అలా అనేదాన్నా? మీరు నొచ్చుకుని మానేశారని నేను..."

"నొచ్చుకోవడమా?" బాబాయి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ పోయాక నాకు తప్పని చెప్పినవాళ్లే లేరమ్మా. కూర ఉప్పగా వండినా మా అమ్మాయి పాపం నాన్న అని తినేస్తుంది. తప్పు దారిలో నడిచినా పాపం అని చెయ్యిపట్టుకుని తిప్పుతారు. ఆ పాపంలో పడి నేను మనిషినన్న సంగతే మర్చిపోయాను. నువ్వు కునుకొచ్చిందన్నావు చూడు, ఇంటికెళ్లి కడుపారా నవ్వుకున్నాను. అచ్చం అది మాట్లాడినట్టే మాట్లాడావు."

వదిన మానేస్తానని చెప్పడానికి కూడబలుక్కున్న మాటలు ఎక్కడికి పోయాయో ఆవిడకే తెలియదు.

బాబాయి జేబులోంచి ఇంకో కథ తీశాడు. తను రిటైరైన రోజు చేసిన ఆఖరి ట్రిప్పు మీద రాశాడు. డిపో మేనేజరు చెయ్యి కలిపాడు, కండక్టరు కన్నీళ్లు పెట్టుకున్నాడు, మెకానిక్కులు బస్సుని తుడిచి తళతళలాడేలా చేశారు. అన్నీ ఉన్నాయి. చదివి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని, నేరుగా వదిన వైపు చూశాడు.

ఆవిడకి మళ్లీ భయం వేసింది. ఇంత సంతోషం మీద ఇప్పుడు కత్తెర వేయడం అవసరమా అనిపించింది.

"ఊఁ, చెప్పమ్మా" అన్నాడు బాబాయి.

వదిన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుంది. "ఇందులో అందరూ ఉన్నారు బాబాయ్, పిన్ని తప్ప. లేదని నాకిప్పుడు తెలుసు. కానీ ఆ రోజు ఆ బస్సులో ఆవిడ ఎక్కడ లేదో మీకు తెలిసే ఉంటుంది. అది రాయలేదు మీరు."

బాబాయి కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

"నా వెనక సీట్లో" అన్నాడు. "ఆఖరి ట్రిప్పుకి తప్పకుండా వస్తాను, మీ వెనకే కూర్చుంటానని అనేది. ఆ రోజు ఎంతమంది నిలబడ్డా ఆ సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఖాళీగానే తీసుకెళ్లి, ఖాళీగానే తీసుకొచ్చాను."

"అయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టండి" అంది వదిన.