ఆర్ఫా తినని ఆపిల్ వేపుడు

ఎస్టెల్ లెడ్‌ఫర్డ్ ఇల్లరికపుటల్లుడు. మా లోయలో ఆ మాట గొంతు తగ్గించే అంటారు, కాకపోతే అతనికి వినపడేంత మాత్రమే తగ్గిస్తారు. పాతికేళ్ళ కిందట కట్టుబట్టలతో, చేతిలో ఒక రంపంతో ఆర్ఫా షులర్ గడప తొక్కాడు. ఆమె ఒక్కగానొక్క కూతురు ఐవలీని చేసుకున్నాడు. ఐవలీ పోయి ఇప్పటికి మూడేళ్ళు. అత్తా అల్లుడూ మాత్రం ఒకే కప్పు కింద ఉప్పూ నిప్పూలా మిగిలారు.

ఆ ఫిబ్రవరిలో ఐవలీకి న్యుమోనియా పట్టుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని సాయంత్రమే ఆర్ఫా మొత్తుకుంది. కొండ దారి మంచుతో గడ్డకట్టుకుపోయింది, పొద్దున్నే బయల్దేరదామన్నాడు ఎస్టెల్. పొద్దున్నకి బయల్దేరే పని లేకపోయింది. ఆ సాయంత్రమే ట్రక్కు తీసుంటే ఆ పిల్ల బతికేదో, ముగ్గురూ కలిసి లోయలో పడేవారో ఎవరికీ తెలియదు. ఆర్ఫాకు మాత్రం తెలుసు. తెలిసిందాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదామె.

సమాధి దగ్గర్నుంచి వచ్చిన రోజే ఒట్టు పెట్టుకుంది, ఈ మనిషి కోసం పొయ్యి వెలిగించనని. దాంతో ఎస్టెలే గరిటె పట్టాడు. మొగాడు వంట చెయ్యడం మా వాళ్ళలో లేదు. రంపపు మిల్లులో తోటివాళ్ళు నవ్వారు. "ఏం బావా, ఇవాళ కూరలో ఉప్పు సరిపోయిందా?" అని రోజూ అడిగేవాళ్ళు. మొదటి నెల అన్నీ మాడ్చాడు. తరవాత బీన్సు, మొక్కజొన్న రొట్టె, చివరికి ఐవలీ చేసే ఆపిల్ వేపుడు కూడా పట్టుబడ్డాయి.

షులర్ల ఇంట్లో ఆపిల్ వేపుడంటే ఒక పద్ధతి ఉంది. తొక్క తియ్యకూడదు. ముక్కలు లావుగా కొయ్యాలి. ఇనప మూకుడులో పంది కొవ్వు కాగాక ముక్కలు వేసి, వెంటనే చక్కెర చల్లాలి. అలా చేస్తే ముక్క గట్టిగా నిలబడుతుంది. దించేముందు దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగం. ముక్క ముక్కగా ఉండాలి. ముద్దయితే ఆ ఇంటి ఆడవాళ్ళు పక్కింటి కుక్కకు కూడా పెట్టేవారు కాదు. ఎస్టెల్ ఆ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాడు, భార్య మీద ప్రేమకొద్దీ కొంత, అత్త నోరు మూయించాలని చాలావరకు.

నోరైతే మూతపడలేదు. ఈ మధ్య తిట్టేటప్పుడు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తన మొహం చూసి తిట్టడం కూడా దండగనుకుంటోందని ఎస్టెల్ అర్థం చేసుకున్నాడు. పైగా వంటింట్లో అతనితో కూర్చుని తినడం మానేసి, కంచం తన గదిలోకి పట్టుకుపోతోంది.

సెప్టెంబరు మొదట్లో జిల్లా నర్సు మిస్ క్రౌడర్ వచ్చి ఆర్ఫాను కాటా ఎక్కించింది. తొంభై ఒక్క పౌన్లు. ఎముకల గూడు.

"రెండు వారాల్లో మళ్ళీ వస్తాను. తొంభైకి దిగిందో, జిల్లా వృద్ధాశ్రమానికి పంపించక తప్పదు. మీరు సరిగ్గా పెడుతున్నారా, ఎస్టెల్?"

"పెడుతున్నానండీ. తినేవాళ్ళుండాలిగా."

"వీడి చేతి కూడు తినడం కన్నా పస్తులు నయం," అంది ఆర్ఫా, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

నర్సు వెళ్ళాక ఎస్టెల్ వసారాలో కూర్చుని లెక్క వేసుకున్నాడు. ముసల్ది ఆశ్రమానికి పోతే ఇల్లు ప్రశాంతం. పొద్దున్నే కాఫీ తాగుతూ సెలయేటి చప్పుడు వినొచ్చు. ఆ ఆలోచన తీయగానే ఉంది. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. ఈ లోయలో ఐవలీ పేరు ఎత్తే మనిషి ఈమె ఒక్కతే. మిల్లులో వాళ్ళు ఎత్తరు, చర్చిలో వాళ్ళు ఎత్తరు, తను ఎత్తలేడు. తిట్టుకు ముందో తిట్టు చివరో రోజుకు పదిసార్లు ఆ పేరు ఇంట్లో వినపడుతోందంటే ఈ గయ్యాళి పుణ్యమే. ఆమె పోతే ఆ పేరు కూడా పోతుంది. అది తలుచుకుంటే ఎస్టెల్‌కు భయం వేసింది.

మర్నాడు మేత వెయ్యబోతే కోళ్ళన్నీ ఆర్ఫా గది కిటికీ కిందే మూగి ఉన్నాయి. వెళ్ళి చూశాడు. మట్టిలో ఆపిల్ ముక్కలు, పొద్దున తను వేయించినవే. ఒళ్ళు మండిపోయింది. తెల్లారకుండా లేచి చేసింది కోళ్ళ కోసమా? ఆమె మొహాన కొడదామని ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద చక్కెర లేదు, దాల్చినచెక్క లేదు. శుభ్రంగా చప్పరించి ఉంది. పంటిగాటు మాత్రం లేదు. ఇంకోటి తీశాడు, అదీ అంతే.

ముసల్ది విసిరికొట్టలేదు. తినాలని చూసింది. నోట్లో ఉండాల్సిన కట్టుడు పళ్ళు ఎప్పుడు విరిగాయో, ఎక్కడ పారేసిందో, చెబితే ఎక్కడ లోకువైపోతానోనని ఆకలితో మాడుతోంది. కిందపడ్డా నాదే పైచేయి అనే రకం. అడిగితే చచ్చినా ఒప్పుకోదు, మెత్తగా చేసి పెడితే జాలిపడ్డాడని ముట్టుకోదు.

ఆ మర్నాడు పొద్దున ఎస్టెల్ షులర్ల పద్ధతి మొత్తం తలకిందులు చేశాడు. తొక్క తీసేశాడు. పల్చగా తరిగాడు. మూకుడులో నీళ్ళు చిలకరించి, చక్కెర వెయ్యకుండా మూత పెట్టి, కట్టెలు కొట్టడానికి పోయాడు. వచ్చేసరికి అంతా కుప్పకూలి గుజ్జయిపోయింది. అప్పుడు చక్కెర, దాల్చినచెక్క, లవంగం వేసి, రోజూ కన్నా కాస్త ఎక్కువ కొవ్వు కలిపాడు. గిన్నె తెచ్చి ఆమె ముందు దబ్బున పెట్టాడు.

"పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను. ముద్దయిపోయింది. తింటే తిను, లేకపోతే కోళ్ళకెయ్యి."

ఆర్ఫా గిన్నెలోకి తొంగి చూసింది. మూడేళ్ళలో ఆ మొహం అంత వెలిగింది లేదు.

"ఇదా వేపుడు? థూ. ఐవలీ చూస్తే తలబాదుకునేది. ఏడేళ్ళప్పుడే నా బిడ్డ ఇంతకన్నా బాగా చేసేది, తెలుసా? మిల్లులో కట్టెలు కోసేవాడికి వంటేం తెలుస్తుంది."

"నిజమే."

"నిజమే అంట. సిగ్గులేదూ."

అంటూనే చెంచా అందుకుంది. ఎస్టెల్ కిటికీ వైపు తిరిగి, బయట ఏదో పని ఉన్నవాడిలా చూస్తూ నిలబడ్డాడు. వెనక గిన్నె అడుగు గీరుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరవాత రోజూ అతను ఏదో ఒకటి పాడు చేశాడు. బీన్సు ఉడికి ఉడికి పాయసమైంది, రొట్టె పాలలో పడి నానింది. ఆర్ఫా వంటింట్లోనే కూర్చుని, కడుపారా తిట్టి, కడుపారా తింది.

రెండు వారాలకు నర్సు వచ్చింది. తొంభై నాలుగు పౌన్లు.

"బాగా పుంజుకున్నారే," అంది నర్సు. ఎస్టెల్ పొయ్యి దగ్గర ఆపిల్స్ కలుపుతున్నాడు, అతనికి వినపడకూడదని గొంతు తగ్గించింది. "అయినా ఒక మాట అడుగుతాను. ఇష్టముంటే ఆశ్రమంలో మంచి గది చూస్తాను. మీ వయసువాళ్ళుంటారు. ఇలా పడని మనిషితో ఎందుకు?"

"నేనొస్తే వీణ్ణి తిట్టేదెవరమ్మా?" అంది ఆర్ఫా, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "నాలుగు రోజులు ఊరుకున్నానంటే నా ఐవలీని మర్చిపోతాడు."

నర్సు కాటా సర్దుకుని వెళ్ళిపోయింది. గరిటె పట్టుకున్న చేతివైపే చూస్తూ ఎస్టెల్ అన్నాడు:

"ఆ సాయంత్రం వెళ్ళాల్సింది అత్తా. నువ్వు చెప్పినప్పుడే వెళ్ళాల్సింది."

మూడేళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదలు. ఆర్ఫా అతని వైపు తిరిగింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం రాలేదు.

"అన్నావు కదా అని వదుల్తాననుకోకు. చచ్చేదాకా తిడతాను."

"మానమని ఎవరన్నారు?" అంటూ ఎస్టెల్ ఆమె గిన్నెలో ఇంకో గరిటెడు వేశాడు.