మా ఈశ్వరన్‌కి దక్కిన మెత్త కర్ర

గోల్ఫ్ అంటే మీకు తెలియకపోతే సిగ్గుపడొద్దు. తెలిసిన మాకే దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు. నా పేరు పాండియన్. తమిళ సీమలో సూలూరు పోయే దావలో ఉండే గోల్ఫ్ క్లబ్బులో ముందు సంచులు మోస్తా ఉంటిని. మోకాళ్ళు పోయినాక బ్యాగ్ రూములో కూర్చోని ఆడే కర్రలకి చేత్తో పట్టే చోట ఉండే రబ్బరు గ్రిప్పులు మారుస్తా ఉండా. ఈశ్వరన్ మా అక్క రామాయి కొడుకు. వాడూ ఆ క్లబ్బులోనే క్యాడీ, అంటే ఆడే పెద్దమనుషుల సంచి మోసేవాడు. వాడి సంగతి తలుచుకుంటే నాకు ఇంకా కడుపు మండతాది. మధ్యలో నోరు జారితే ఏమీ అనుకోవద్దు.

సోమవారం క్లబ్బుకి సెలవు. ఆ పొద్దు మైదానం క్యాడీలది. పెద్దమనుషులు పారేసిన కర్రలు తలా ఒకటి పట్టుకోని ఆడుకుంటారు. మా ఈశ్వరన్ బంతిని కొడితే నేను లోపల కూర్చోని శబ్దం వినే చెప్పేవాణ్ణి, ఇది మావాడని. ఎండిన కొమ్మ విరిచినట్టు ఉండేది. మనిషి సన్నం, భుజాలు మాత్రం ఇంత. వాడికంటే దూరం కొట్టినవాణ్ణి నేను ఆ క్లబ్బులో చూడలేదు, మెంబర్లతో కలిపి చెప్తా ఉండా.

ఇప్పుడు కర్ర సంగతి చెప్పాల. మొదటి దెబ్బకి పట్టే పొడుగు కర్రని డ్రైవరు అంటారు. అందరూ దాని తల చూసి మురుస్తారు గానీ ప్రాణమంతా కడ్డీలో, అంటే షాఫ్టులో ఉంటాది. విసిరేటప్పుడు అది వంగతాది. ఎంత వంగాలన్నది చేతి వేగం బట్టి. వేగంగా విసిరేవాడికి గట్టిది కావాల, నిదానంగా విసిరేవాడికి మెత్తది. గట్టి చేతికి మెత్త షాఫ్టు ఇస్తే బంతి ఎడమకి మడుచుకోని పోతాది. మెత్త చేతికి గట్టిది ఇస్తే బంతి సరిగ్గా లేవదు, కుడికి జారి దగ్గరలోనే పడతాది. కాలికి చెప్పు మాదిరి, ఎవరిది వాళ్ళకే.

ఈశ్వరన్ దగ్గర ఒక గట్టి షాఫ్టు డ్రైవరు ఉండేది. ఎవరో ఎయిర్ ఫోర్స్ ఆఫీసరు బదిలీ మీద పోతా పోతా ఇచ్చింది. వాడు కొట్టిన కొట్టుకి ఒక సోమవారం దాని తల పగిలింది. కొత్తది కొనే తాహతు మాకేడిది? ఆ సమయంలోనే బాలసుందరం అయ్య పోయినాడు.

అయ్య పంపుసెట్ల ఫౌండ్రీ యజమాని, నాయుడుగారు. ఈశ్వరన్ చాన్నాళ్ళు ఆయన సంచే మోసినాడు. పక్కన తమిళంవాళ్ళు ఉన్నప్పుడు, వాళ్ళకి తెలియకుండా ఏమన్నా అడగాలంటే మా వాడితో తెలుగులో మాట్లాడేవాడు. "ఏమిరా ఈశ్వరా, గాలి ఎట్టుంది?" అంటాడు. మంచి మనిషే, నేను కాదనను. డెబ్బై దాటినాక గుండె జబ్బు వచ్చి మెత్తగా కొట్టేవాడు. పదహారో నాడు కరుమాదికి, అంటే పెద్ద కర్మకి, ఆయన భార్య పొన్నమ్మాళ్ అమ్మ ఈశ్వరన్‌ని పిలిపించి, టెంకాయ, వేష్టి పంచెతో పాటు అయ్య డ్రైవరు వాడి చేతిలో పెట్టింది.

మా ఇళ్ళలో ఒక కట్టు ఉండాది. చావు ఇంటి నుంచి చేతికి వచ్చిన వస్తువుని అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు, రూపు మార్చకూడదు. వాడకుండా మూల పెట్టను కూడా పెట్టకూడదు. అట్ట చేస్తే పోయినవాళ్ళ మనసు అల్లాడతాదని మా అక్క నమ్మకం. నేను ఆ డ్రైవరు తీసుకోని షాఫ్టు వంచి చూసినా. మెత్తది. ముసలివాళ్ళ కోసమే చేసే రకం, సీనియర్ అని పక్కనే రాసి ఉండాది. "ఒరే, ఇది నీ చేతికి పనికిరాదు, షాఫ్టు మారుస్తా ఇయ్యి" అంటిని. మా అక్క నా మీద విరుచుకుపడింది. "అయ్య చెయ్యి పట్టిన కడ్డీ విరుస్తావంట్రా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?" అనింది. వాడు అమ్మ మాట దాటే రకం కాదు.

మొదటి సోమవారం కొట్టిన బంతులన్నీ ఎడమ పక్క గోడ దాటి పోయినాయి. తోటి క్యాడీలు ఒకటే నవ్వు. ఈశ్వరన్ ఏం చేసినాడు? కర్రని మార్చలేడు గాబట్టి చేతిని మార్చుకున్నాడు. విసురు తగ్గించినాడు. కర్ర పైకి ఎత్తినాక అయ్య మాదిరి కొంచెం ఆగి, నెమ్మదిగా దించే అలవాటు చేసుకున్నాడు. బంతి తిన్నగా పోయింది. వాడు సంతోషపడినాడు, నేనూ సరేలే అనుకుంటిని.

అక్కడితో పోలేదు. అయ్య పేరు మీద ఏడాదికొకసారి పోటీ పెట్టినారు. మొదటి బంతి ఈశ్వరనే కొట్టాల, అయ్య కర్రతో, అయ్య కొట్టినట్టే. వాడు ఆగి, నెమ్మదిగా దించి కొడితే పొన్నమ్మాళ్ అమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకోని, "ఆయనే వచ్చి కొట్టినట్టు ఉండాది" అనేది. మెంబర్లు చప్పట్లు కొట్టేవాళ్ళు. తర్వాత వాళ్ళు లోపల బిర్యానీ తినేవాళ్ళు, మావాడికి పొట్లం కట్టి బయటికి పంపేవాళ్ళు. మామూలు రోజుల్లో కూడా ఎవరో ఒకరు, "ఈశ్వరా, అయ్య షాట్ ఒకటి చూపించు" అని అడిగేవాళ్ళు. వీడు చూపించేవాడు. బతికినవాడి చేత చచ్చిపోయినవాడి ఆట ఆడించినారు, అదీ ప్రేమగానే.

ఇట్ట నాలుగేళ్ళు పోయినాయి. పోయిన కార్తీకంలో క్లబ్బువాళ్ళు బ్యాటరీ బండ్లు తెప్పించినారు. క్యాడీలు ఇంక వద్దు, సంక్రాంతి దాకానే పని అన్నారు. ఒక్క ఉద్యోగం మాత్రం ఉండాది. ఆట నేర్పే అసిస్టెంటు, పర్మనెంటు. క్యాడీల్లో ఎవరైనా పరీక్షకి రావచ్చు. మొదటి దెబ్బ కొట్టే చోట వెనక గుర్తుల నుంచి, అంటే అందరికంటే దూరం నుంచి ఆడి గెలవాల. ఈశ్వరన్‌కి అప్పుడు ముప్పై ఎనిమిది. నడుము సంచులు మోసి మోసి సగం పోయింది. భార్య ముత్తుసెల్వి స్పిన్నింగ్ మిల్లులో పని చేసి దూది దుమ్ముకి ఊపిరి చెడి, డాక్టరు ఆ పని మానమన్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఒట్టన్‌చత్రం కూరగాయల మండీలో మూటలు మోయాల్సిందే. అక్కడ ముత్తుసెల్వి అన్న ఉండాడు, ఆయన చూపించే పని అదొక్కటే.

నేను మళ్ళీ షాఫ్టు మాట ఎత్తినా. ఈసారి ముత్తుసెల్వి నా పక్క నిలబడింది. అత్తకి చెప్పకుండా, ఆ దగ్గుతోనే బస్సెక్కి పొన్నమ్మాళ్ అమ్మ ఇంటికి పోయింది. వచ్చి నాతో చెప్పింది. "అడిగినాను మామా. 'మార్చుకోండి తల్లీ, దానికి నన్నెందుకు అడగతారు? ఆయనకే ఆ కర్ర అంటే ఇష్టం ఉండలే. డాక్టరు చెప్పినాక వేరే దావ లేక పట్టినాడు' అనింది. కాఫీ ఇచ్చి పంపించింది." నాలుగేళ్ళలో ఆ ఒక్క మాట పోయి అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదని చెప్పేది?

అయ్య ఇంటివాళ్ళే ఒప్పుకున్నారని తెలిసినాక ఈశ్వరనూ సరే అన్నాడు. అవినాశి రోడ్డులో కొత్తగా వచ్చిన గోల్ఫ్ అంగడికి వాణ్ణి పిలుచుకోని పోతిని. చేతికి తగిన షాఫ్టు మిషను పెట్టి చూసి చెప్తారు ఆడ. చూసే అమ్మాయి పేరు మాలిని. మర్యాదస్తురాలు, మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. ఈశ్వరన్ వల ముందు నిలబడి కొట్టినాడు. ఆ పిల్ల తెర చూసింది, ఇంకొకసారి కొట్టమనింది, మళ్ళీ చూసింది.

"అన్నా, మీ విసురుకి సీనియర్ షాఫ్టే సరిపోతుంది. మీ చేతిలో ఉన్నది సరైనదే."

"ఏమ్మా, మిషను చెడిపోయిందా?" అంటిని. "వీడెవరో తెలుసా నీకు? వీడు కొడితే డ్రైవరు తలే పగిలింది. గట్టిది ఇచ్చి చూడు."

ఆ పిల్ల గట్టి షాఫ్టు బిగించి ఇచ్చింది. ఈశ్వరన్ కొట్టినాడు. తెర మీద బంతి లేచీ లేవకుండా కుడికి జారిపోయి పడింది. "గట్టిగా విసర్రా" అని అరిచినా. పళ్ళు కొరుక్కోని విసిరినాడు. పైకి పోయినాక ఆ చేతులు ఆగినాయి. వాడు ఆపలేదు, అవే ఆగినాయి. మళ్ళీ మళ్ళీ కొట్టినాడు, చొక్కా తడిసిపోయింది, ప్రతిసారీ అదే. నేను తల దించుకున్నా. బాలసుందరం అయ్య కొడతా ఉన్నట్టే ఉండాది నా ముందర.

"అలవాటు పోయి పాత వేగం రావాలంటే కనీసం ఆరు నెలలన్నా సాధన చేయాల అన్నా" అనింది మాలిని. పరీక్ష వచ్చే వారం. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తాది? డబ్బు కూడా తీసుకోకుండా పంపించింది ఆ పిల్ల.

అయ్య కర్రతోనే పరీక్ష ఆడినాడు. తప్పు చెప్పకూడదు, చక్కగా ఆడినాడు. బంతి ఎక్కడా దావ తప్పలేదు. బంతి వేయాల్సిన పద్నాలుగో గుంటకి పోయే దావలో ఒక పెద్ద పల్లం ఉండాది, పాత వాగు. వెనక నుంచి ఆడేవాళ్ళు దాన్ని దాటించి తీరాల. వాడి బంతి తిన్నగా, అందంగా పోయి పల్లంలో పడింది. ఇంకొకటి పెట్టినాడు. అదీ అందులోనే పడింది. ఉద్యోగం ఇంకొకడికి పోయింది, వాడూ మనవాడే, వాణ్ణి నేనేమీ అనను.

మేమిద్దరం ఇంటికి పోయేసరికి ముత్తుసెల్వి వాకిట్లో నిలబడి ఉండాది. వాడి మొహం చూస్తానే తెలుసుకుంది. లోపలికి రానిచ్చి, చెంబుతో నీళ్ళిచ్చి మెల్లగా అడిగింది.

"ఆ పల్లం అంత దూరమా?"

"అయ్య ఎప్పుడూ దాన్ని దాటించలేదు" అన్నాడు ఈశ్వరన్. "దగ్గరగా ఉండే ముందు గుర్తు నుంచి ఆడినా ఆయన బంతి అందులోనే పడేది."

"నువ్వో? నువ్వు ఎప్పుడైనా దాటించినావా?"

వాడు చెంబు కింద పెట్టినాడు. "సోమవారాలు అందరూ దాని మీద పందెం కట్టేవాళ్ళు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవడూ కట్టేవాడు కాదు. దాటతాదని అందరికీ తెలుసు."

ఆమె ఆ చెంబు తీసి పక్కన పెట్టింది. నాకూ వాడికీ కంచాలు పెట్టి అన్నం వడ్డించింది.